అంబులెన్సు సారథ్యము: శిక్షణయు బాధ్యతయు



ఈ పత్రికయందు నేను సాధారణముగా విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, కొబ్బరితోటల తెగుళ్లను గూర్చియు వ్రాయుచుందును. ఈ మాసమున నా వృత్తికి వెలియైన విషయమొకటి వ్రాయబూనితిని. దీనికి కారణము ముందుగా మనవి చేసికొనవలసియున్నది.

గడచిన దాళ్వాలో కొత్తపేట ప్రాంతమున నొక చేనిలో వరి ప్రదర్శన ముగించుకొని గట్టువెంట వచ్చుచుండగా నొక వృద్ధరైతు నన్ను ప్రక్కకు బిలిచి యిట్లడిగెను: "ఏవండీ, మా కుర్రాడు పదో తరగతి గట్టెక్కాడండి. ట్రాక్టరు బాగా తోల్తాడు. ఇప్పుడు నూట ఎనిమిది బండికి డ్రైవరుగా వెళ్తానంటన్నాడండి. దానికేదో శిక్షణ కూడా కావాలంట. బండి తోలడానికి మళ్లీ చదువేంటండీ? మీరు కాస్త చెప్పండి వాడికి."

కుమారునకు నేను బుద్ధి చెప్పి సేద్యమునకు మరలింపవలయునని ఆయన కోరిక. నేను మాత్రము వెంటనే యేమియు చెప్పలేకపోతిని. ఏలయన ఆ ప్రశ్న వినగానే పండ్రెండేండ్ల నాటి సంగతి యొకటి నా మనస్సునకు వచ్చినది. అది నాకు గౌరవము తెచ్చునది కాదు. అయినను చెప్పుట మేలని తలచుచున్నాను.

ఆనాడు రాజోలు ప్రక్కనున్న యొక గ్రామమున కొబ్బరితోటలో మేము ఆరుగురము నిలిచియుంటిమి. దింపు తీయుచున్న మనిషి యొకడు మట్ట జారి చెట్టుమీదనుండి క్రింద బడెను. అందరము పరుగెత్తితిమి. అతనికి తెలివి యున్నది. నడుము నొప్పియని మూలుగుచున్నాడు. కాలివ్రేళ్ల నాడించుట నేను కన్నులార జూచితిని. ఒకరు 108కి ఫోను చేయుదమనిరి. "అది వచ్చులోపల మనమే చేరుదుము" అని తొందరపెట్టినవాడను నేనే. ఇద్దరము చంకలక్రింద, ఇద్దరము మోకాళ్లక్రింద చేతులు వేసి అతనిని పైకెత్తి, ఆటోలో మడిచి కూర్చుండబెట్టి, గోతులుపడిన కాలువగట్టు మీదుగా తీసికొనిపోతిమి. వైద్యశాల చేరునప్పటికి ఆ వ్రేళ్లు కదలుట మానెను. వైద్యుడు పరీక్షించి, "ఎముక విరిగినది చెట్టు వలన. నరము చెడినది దారిలో గావచ్చును. ఈతనిని ఎవరు ఎత్తినారు?" అని యడిగెను. మాలో నెవ్వరమును బదులు పలుకలేదు.

నేను చిన్ననాడు మిషను పాఠశాలలో చదివినవాడను. అచ్చట మూడుమూలల గుడ్డతో కట్టు కట్టుటయు, విరిగిన చేతికి బద్ద వేయుటయు నేర్పిరి. నేర్చినది అభ్యాసము లేక మరచితిని. మంచి మనస్సున్నంతమాత్రమున మంచి సహాయము కాదని నాకు బోధపడినది ఆనాడే. కనుక "బండి తోలడానికి చదువేంటండీ" యన్న ప్రశ్నకు ఈ వ్యాసమే నా ప్రత్యుత్తరము.

ఈ సేవ యెట్లు వచ్చినది

రోగులను, క్షతగాత్రులను మోయుట బండ్లకంటె ముందే యొక విద్యగా నున్నది. 1899లో దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధము జరుగుచున్నప్పుడు గాంధీగారు నేటాలునందలి భారతీయులతో నొక అంబులెన్సు దళమును గూర్చిరి. అందు సుమారు 1,100 మంది చేరిరి. వారిలో పెక్కుమంది చెరకుతోటలలోను, గనులలోను పనిచేయు ఒప్పందపు కూలీలు. నేటాలునందలి అట్టి కూలీలలో మన తెలుగువారును, తమిళులును హెచ్చు. ఈ దళమునకు బూత్ అను మిషనరీ వైద్యుడు ముందుగా శిక్షణ యిచ్చెను. వారు గాయపడిన సైనికులను డోలీలపై నుంచుకొని యొక్కొక్క దినమున 20 మొదలు 25 మైళ్లు నడచిరని గాంధీగారు వ్రాసియున్నారు. మోయుటకు బలము చాలును గదా యని వారిని పంపివేయలేదు. ఎట్లు ఎత్తవలయునో, ఎట్లు దింపవలయునో నేర్పిన పిమ్మటనే పంపిరి.

మన రాష్ట్రమున 108 సేవ 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో నారంభమైనది. ఇ.ఎం.ఆర్.ఐ. అను సంస్థ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వముతో గలిసి దీనిని నడపినది. తరువాత ఈ పద్ధతి గుజరాతు మొదలగు అనేక రాష్ట్రములకు వ్యాపించినది. 2020 జూలై 1వ తేదీన ఆంధ్రప్రదేశమున 108, 104 సేవలకు గలిపి 1,088 వాహనములను విజయవాడలో నొక్కసారిగా బయలుదేరదీసిరి. ఫోను చేసినవారి మాట ముందు కేంద్రమునకు చేరును. అచ్చటివారు చోటును, ఆపదను విచారించి, దగ్గరనున్న బండికి కబురు పంపుదురు. బండిలో నిద్దరుందురు. ఒకరు చికిత్స చేయు టెక్నీషియను. రెండవవారు సారథి. ఈ సేవలో సారథిని పైలటు అని పిలుతురు. పేరు మారుటలో నర్థమున్నది. అతడు చక్రము పట్టుకొని కూర్చుండువాడు మాత్రమే కాడు. ఆ యిద్దరిలో నొకడు. స్ట్రెచరు రెండవ కొన పట్టుకొనువాడు అతడే. టెక్నీషియను అలసినపుడు రోగి గుండెపై నొత్తువాడును అతడే.

లైసెన్సును గూర్చి

ఈ వృత్తికి వెళ్లగోరు యువకుడు మొదట లైసెన్సు సంగతి చూచుకొనవలయును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండినవాడు తేలిక వాహనపు లైసెన్సు పొందవచ్చును. ట్రాన్సుపోర్టు వాహనము నడుపుటకు 20 ఏండ్లు నిండవలయును. ట్రాన్సుపోర్టు వాహనమునకు లర్నరు లైసెన్సు కోరువాడు అంతకుముందు తేలిక వాహనపు లైసెన్సు కనీస మొక సంవత్సరము కలిగియుండవలయునని ఆ చట్టము చెప్పుచున్నది. దీనికి వైద్యుని ధ్రువపత్రమును, డ్రైవింగు పాఠశాల ధ్రువపత్రమును జతచేయవలసియుండును. ట్రాన్సుపోర్టు లైసెన్సు నిప్పుడు 5 ఏండ్లకొకమారు క్రొత్త చేసికొనవలయును. 7,500 కిలోగ్రాములకు లోబడిన ట్రాన్సుపోర్టు వాహనమును తేలిక వాహనపు లైసెన్సుతోనే నడుపవచ్చునని 2024 నవంబరులో సుప్రీముకోర్టు ధర్మాసనము తీర్పు చెప్పినది. అయినను ఉద్యోగమిచ్చు సంస్థలు తమ నియమములను తాము పెట్టుకొనవచ్చును. కావున నియామకపు ప్రకటనలో నడిగిన చదువును, లైసెన్సును, అనుభవమును చదివి చూచుకొని దరఖాస్తు పెట్టవలయును. ట్రాక్టరు తోలు నేర్పు మంచిదే. కాని దుక్కిచాలులో ట్రాక్టరు తోలుటకును, వెన్ను విరిగిన మనిషి వెనుక పరుండియుండగా వంతెన యెక్కించుటకును చాల దూరమున్నది.

లైసెన్సుతోబాటు ప్రథమచికిత్స ధ్రువపత్రము నొకటి ముందుగా సంపాదించుకొనుట మేలు. 1877లో ఇంగ్లండున స్థాపింపబడిన సెయింట్ జాన్ అంబులెన్సువారును, 1920 నుండి మన దేశమున నున్న భారత రెడ్‌క్రాసు సంఘమువారును ఇట్టి తరగతులు నడపుచున్నారు. ఉద్యోగము రాకపోయినను ఈ విద్య యింటికి పనికివచ్చును.

శిక్షణలో నేర్పునదేమి

మొదటిది బండిని తెలిసికొనుట. పని చేపట్టగానే సారథి టైర్ల గాలి, బ్రేకులు, ఇంజను నూనె, దీపములు, సైరను, బ్యాటరీ చూచుకొనవలయును. తరువాత ఆక్సిజను సిలిండరులో నెంత యున్నదో, స్ట్రెచరు తాళము సరిగా పడుచున్నదో చూడవలయును. ఆక్సిజను మీటకు నూనె, గ్రీజు తగులరాదు. దానిచెంత బీడీ వెలిగింపరాదు. అంబులెన్సులందరికి నొకటే తీరు కాదు. రోగిని చేరవేయుటకు మాత్రమే యుద్దేశింపబడినవి కొన్ని. ప్రాణరక్షణకు వలసిన మొదటి సామగ్రి గలవి కొన్ని. గుండె పనిని చూపు యంత్రము, శ్వాసయంత్రము మొదలగునవి గల పెద్దవి మరికొన్ని. తన బండిలో నేది గలదో, ఏది లేదో సారథికి కంఠస్థమై యుండవలయును. చీకటిలో అడిగిన వస్తువును అతడు చేతితడుముడుననే తీసి యియ్యగలుగవలయును.

రెండవది తోలు విధము. ఇందే జనులకు పెద్ద పొరపాటున్నది. సైరను మ్రోగించుకొని మిక్కిలి వేగముగా పోవువాడే మంచి సారథి యని తలతురు. లెక్క వేసి చూడుడు. 10 కిలోమీటర్ల దూరమును గంటకు 40 కిలోమీటర్ల చొప్పున పోయినచో 15 నిమిషములు పట్టును. 60 చొప్పున పోయినచో 10 నిమిషములు. లాభము 5 నిమిషములు. కాని వేగము 40 నుండి 60కి పెరిగినచో బ్రేకు పట్టిన పిమ్మట బండి సాగు దూరము రెండుంబావు రెట్లగును. మన కాలువగట్ల రోడ్లపై నెదుట గేదె వచ్చినను, సైకిలు వచ్చినను ఆ దూరము మనకు దొరకదు. అదియుగాక వెనుక టెక్నీషియను నిలువబడి రోగి రొమ్ముపై నొత్తుచున్నప్పుడు బండి యూగినచో అతని చేతులు స్థానము తప్పును. కావున శిక్షణలో మొదట నేర్పునది బండిని నిదానముగా వేగపెట్టుటయు, ముందుగానే వేగము తగ్గించుటయు, మలుపును మెల్లగా తిరుగుటయును. రోగి చెంతకు పోవునప్పుడు త్వర. రోగిని తెచ్చునప్పుడు నెమ్మది. ఈ రెంటికిని గల భేదము తెలిసినవాడే సారథి.

సైరను వేసికొన్నంతమాత్రమున చట్టము మాఫీ కాదు. అత్యవసర వాహనమునకు దారిలో ముందు హక్కున్నది. ఎర్రదీపమును దాటిపోవు వెసులుబాటును కలదు. కాని యితరులకు హాని కలుగకుండ చూచుకొను భారము సారథిపైననే యున్నది.

మూడవది యెత్తుట, దించుట. నాకు తెలియక నేను చెడగొట్టినది ఇదియే. ఎత్తునుండి పడినవానిని, బండి క్రింద పడినవానిని వెన్నెముక విరిగినవానిగానే యెంచవలయును. తల, మెడ, నడుము ఒకే వరుసలో నుండునట్లు పట్టుకొని, నలుగురు ఒక్కమాటపై దొరలించి, బల్లపై చేర్చి, మెడ కదలకుండ పట్టీ వేసి, పట్టెలతో బిగించి యెత్తుదురు. ఒకడు తలదగ్గర నిలిచి మాట యిచ్చును. తక్కినవారు ఆ మాట వినియే కదలుదురు. ఈ పనికి బలముకంటె పొందిక ముఖ్యము. మాటిమాటికి మనుష్యులపై నభ్యసించినగాని చేతికి రాదు.

నాలుగవది ప్రథమచికిత్స. మన ప్రాంతమున తరచుగా వచ్చు ఆపదలను మాత్రమే చెప్పెదను.

గుండె యాగి, ఊపిరి లేనివానికి రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 మొదలు 120 మార్లు, పెద్దవారికి రెండంగుళముల లోతున, నొత్తవలయును. 30 ఒత్తులకు రెండు శ్వాసలు. ఆపకుండ చేయవలయును.

పాము కరచినచోట కోయరాదు. నోటితో పీల్చరాదు. త్రాటితో బిగించి కట్టరాదు. కరచిన కాలునో చేతినో బద్ద వేసి కదలనీయక, రోగిని నడిపింపక, విరుగుడు సూదిమందు గల వైద్యశాలకు చేర్చవలయును. సారథి చేయవలసినది దగ్గరి వైద్యశాలకు పోవుట కాదు; ఆ మందున్న వైద్యశాలకు పోవుట. ఇది కేంద్రమువారితో మాటాడి తెలిసికొనవలయును.

పురుగుమందు మీద పడినవాని బట్టలు విప్పి, ఒంటిని సబ్బునీళ్లతో కడుగవలయును. కడుగువాడు చేతులకు తొడుగులు వేసికొనవలయును. త్రాగినవానిచేత బలవంతముగా వాంతి చేయింపరాదు. మందు డబ్బాను, దానిపై చీటితో సహా, వైద్యునికడకు తీసికొనిపోవలయును. ఈ యొక్క సంగతి రైతులందరు గుర్తుంచుకొనుడు. డబ్బా చూచిన వైద్యునకు సగము పని తీరును.

కాలువలో మునిగినవానిని గిరగిర త్రిప్పుట, పొట్ట నొక్కి నీరు కక్కించుట తగవు. ఊపిరి లేనిచో వెంటనే శ్వాస యిచ్చుట, గుండె నొత్తుట చేయవలయును. రొయ్యల చెరువులకడ మోటారు వలన కరెంటు తగిలినవానిని ముట్టకముందు మీట ఆర్పవలయును. లేనిచో ఒకనికి బదులు ఇద్దరు పోదురు.

ఐదవది శుభ్రత. రోగిని దింపిన పిమ్మట బండి లోపల రక్తమును, వాంతిని క్రిమిసంహారక ద్రవముతో కడిగి, దుప్పట్లు మార్చి, చేతులు సబ్బుతో కడిగికొనిన గాని తరువాతి పిలుపునకు బండి సిద్ధమైనట్లు కాదు. 2020లో కోవిడు వ్యాధి వచ్చినప్పుడు ఈ నియమము విలువ లోకమంతటికి తెలిసినది.

ఆరవది మాట. తల్లి యేడ్చుచుండును. తండ్రి కోపించును. పొరుగువారు తలకొక సలహా యిత్తురు. అప్పుడు సారథి గొంతు పెంచరాదు. "అమ్మా, మీరు ముందు సీటులో కూర్చోండి. బాబాయిగారూ, మీరు ఈ టార్చి పట్టుకోండి" అని యొక్కొక్కరికి నొక్కొక్క పని చెప్పినచో గుంపు తనంత తానే సర్దుకొనును. ఇదియు శిక్షణలో నేర్పు విద్యయే.

కోనసీమలో నదనముగా తెలియవలసినవి

గౌతమి, వసిష్ఠల నడుమ నుండి, వైనతేయముచేత నడిమికి చీలిన సీమ మనది. పూర్వము పంట్లపై, పడవలపై దాటిన పాయలపై నిప్పుడు వంతెనలు వచ్చినవి. రావులపాలెముకడను, బోడసకుర్రు–పాశర్లపూడికడను, చించినాడకడను వంతెనలు గలవు. లోకసభ సభాపతిగా నుండిన జి.ఎం.సి. బాలయోగిగారి పేర నెదుర్లంక–యానాముల నడుమ వారధి యున్నది. దీనివలన అమలాపురమునుండి కాకినాడ ప్రభుత్వ సార్వజనిక వైద్యశాలకు దారి సులువైనది. అయినను ఆ ప్రయాణము 60 కిలోమీటర్ల చేరువది. రాజమహేంద్రవరమునకును దాదాపంతే. అమలాపురము ఏరియా ఆసుపత్రిలో తీరని కేసు పెద్ద వైద్యశాలకు పోవలసినచో రోగి గంటకు పైగా బండిలోనే యుండును. ఆ గంటసేపు బండియే వైద్యశాల.

ప్రధాన రహదారి విడిచిన పిమ్మట మన దారులన్నియు కాలువగట్లు, ఏటిగట్లు, తోటలనడుమ సందులు. ఏ వంతెనపై పెద్ద బండి పట్టదో, ఏ సందులో మరల త్రిప్పుటకు చోటు లేదో, ఏ లంకకు వేసవిలో బండి పోవునో, ఏ లంకకు ఎప్పుడును పడవయే గతియో పటములో సరిగా కనబడదు. ఇచ్చట పుట్టి పెరిగిన కుర్రవానికి తెలియును. అందుచేతనే మన బిడ్డలు ఈ వృత్తిలోనికి పోవలయునని నేను కోరుచున్నాను. దారి తెలిసినవానికి విద్య నేర్పుట సులభము. విద్య నేర్చిన పరదేశికి అర్ధరాత్రమున మన దారి నేర్పుట కష్టము.

వరదలలో సారథి పని మారిపోవును. 2022 జూలైలో ధవళేశ్వరముకడ 25 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు వచ్చినప్పుడు లంకగ్రామములకు దారులు మునిగినవి. అట్టివేళ రోగి పడవపై గట్టుకు వచ్చును. బండి గట్టుపై వేచియుండవలయును. ఏ రేవుకు పడవ వచ్చునో ముందుగా మాటాడుకొననిచో రోగి యొకచోట, బండి యొకచోట నగును. పారునీరు రోడ్డు దాటుచున్నప్పుడు లోతు తెలియక బండి దింపరాదు. మోకాలిలోతు ప్రవాహము సైతము బండిని ప్రక్కకు నెట్టగలదు. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో కొబ్బరిచెట్లు రోడ్లకడ్డముగా పడి గ్రామములు విడిపోయినవి. కావున తుపాను దినములలో బండిలో గొడ్డలి, రంపము, త్రాడు ఉండుట మంచిది.

మన సీమలో గ్యాసు గొట్టములు గలవు. 2014 జూను 27వ తేదీన నగరము గ్రామమున గొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగా మరణించిరి. గ్యాసు వాసన వచ్చుచోటికి సారథి బండిని తీసికొనిపోరాదు. ఇంజను నిప్పురవ్వ చాలును. గాలి తనవైపునుండి ఆవైపునకు వీచునట్లు ఎగువ దిక్కున, దూరమున నిలిపి, అగ్నిమాపకదళమువారి మాట వినవలయును. సారథి తాను పడిపోయినచో రోగికి దిక్కు లేదు.

కష్టములును చెప్పవలయును

ఈ వృత్తిని పొగడి యువకులను మోసగించుట నాకిష్టము లేదు. 108లో పని ప్రభుత్వపు స్థిరమైన కొలువు కాదు. నిర్వాహక సంస్థలకు ప్రభుత్వ మొప్పందముపై నప్పగించును. 2005 నుండి ఆ సంస్థలు పలుమార్లు మారినవి. జీతము గొప్పది కాదు. కావున చేరువాడు నియామకపు కాగితమును, భవిష్యనిధి సంఖ్యను, జీతపు చీటీలను భద్రపరచుకొనవలయును. వేళలు దీర్ఘములు. రాత్రి పని తప్పదు. నిద్రమత్తుతో తోలుట త్రాగి తోలుటకంటె మంచిది కాదు గనుక పగలు నిద్రపోవు నియమము నింటివారుకూడ పాటింపవలయును. "పగలంతా పడుకుంటాడు" అని సోమరిగా నెంచరాదు. చేతిలో శిశువు చనిపోయిన రాత్రులును ఉండును. అట్టి దినమున తోడివానితో మాటాడి మనస్సు తేలికపరచుకొనుట బలహీనత కాదు. ఇవన్నియు తెలిసియు వచ్చువాడే నిలుచును.

రైతులమగు మనము చేయవలసినది

నేను పైన వేగముచేత 5 నిమిషముల లాభము లెక్క చూపితిని. ఇప్పుడు నష్టముల లెక్క చూడుడు. ఇల్లు తెలియక సందు మొగను బండి నిలుచు కాలము, రోడ్డుపై ఆరబోసిన ధాన్యము చుట్టి పోవు కాలము, సందులో పోసిన కొబ్బరికాయల రాసి తొలగించు కాలము, "ముందు నాటువైద్యునికి చూపుదము" అని మనము పోగొట్టు కాలము. ఇవి గలిసినచో సారథి సంపాదించిన 5 నిమిషములను మనము రెండు మూడింతలుగా పోగొట్టుదుము. నూర్పిళ్ల రోజులలో ధాన్యము చుట్టు రాళ్లు పేర్చి రాత్రికి కూడ రోడ్డు మీదనే విడుచుట మనలో నున్నది. ఆ రాయి తగిలి పడువాడు మన యింటివాడే కావచ్చును. రోడ్డులో సగము, బండి పట్టునంత, ఎల్లప్పుడు విడువవలయును.

పిలుచునప్పుడు ఊరిపేరుతోబాటు దగ్గరి గుడి, బడి, చెరువు, వంతెన చెప్పుడు. ఫోను మీరు ముందు పెట్టివేయకుడు. రోగి యూపిరి తీయుచున్నాడా, మాటాడుచున్నాడా యని వారడిగిన దానికి బదులు చెప్పుడు. ఒక మనిషిని టార్చితో సందు మొగను నిలుపుడు. పడినవానిని కదపకుడు.

దారి యియ్యనివారికి చట్టము శిక్ష నిర్ణయించినది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 194-ఇ సెక్షను ప్రకారము అంబులెన్సు వంటి అత్యవసర వాహనమునకు దారి విడువనివానికి ఆరు మాసములవరకు ఖైదు గాని, 10,000 రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. మరియొక మేలైన సంగతి యున్నది. రోడ్డు ప్రమాదములో గాయపడినవానికి మంచి తలంపుతో సహాయము చేసినవానికి 134-ఎ సెక్షను రక్షణ యిచ్చుచున్నది. పోలీసులు, కోర్టులు అను భయముతో ప్రక్కకు తప్పుకొనవలసిన పని యిక లేదు.

చివరి మాట

ఆ వృద్ధరైతునకు నేను గట్టుపైననే కూర్చుండి దింపుమనిషి కథ చెప్పితిని. ఆయన చాలసేపు నీరు పారుచున్న బోదె వంక చూచుచుండెను. పిమ్మట, "ఆ మనిషి ఇప్పుడెలా ఉన్నాడండీ?" అని యడిగెను. ఉన్నాడనియు, అరుగుపై కూర్చుండి కొబ్బరి యీనెలతో చీపుళ్లు కట్టుచున్నాడనియు, నేను వెళ్లినప్పుడెల్ల నన్ను ఆదరముతోనే పలుకరించుననియు, ఆ యాదరమే నాకు మిక్కిలి బరువుగా నుండుననియు చెప్పితిని.

"అయితే మావాడు నేర్చుకునేది అదేనాండీ? అలాంటోళ్లని ఎలా ఎత్తాలో?"

"అదే మొదటిదండీ" యంటిని.

ఆయన మరి మాటాడలేదు. వారము దినముల పిమ్మట ఆ కుర్రవాడు లైసెన్సు కాగితములతో నాకడకు వచ్చి, ప్రథమచికిత్స తరగతులెక్కడ జరుగునో అడిగి తెలిసికొనిపోయెను. తండ్రి పంపినాడని చెప్పెను.

సార్వా ఊడ్పులకు ముందే ప్రతి గ్రామమువారును తమ సందులలోనికి అంబులెన్సు వచ్చునో లేదో ఒకమారు నడచి చూచుకొనుడు. అడ్డమున్న కొమ్మను కొట్టుడు. గోతిలో మట్టి వేయుడు. లంకవారు ఏ రేవున బండి నిలుచునో ముందుగా నిర్ణయించుకొనుడు. కుర్రవాళ్లలో నెవరైన ఈ పని నేర్తుమన్నచో వలదనకుడు.